కొండెక్కిన బడిబండి

నేను ఒక పాత బడిబండిని. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని అర్థం. నా మటుకు నేను కొండెక్కాకే వెలిగాను.

విజయనగరంలో నాకు పసుపు రంగు పూసి, తొమ్మిదేళ్లు పిల్లల్ని మోయించారు. అన్నేళ్లూ నన్ను నడిపింది సన్యాసమ్మ. మనిషి పొట్టి. సీటు మీద దిండు వేసుకుంటేగాని ఎదుటి రోడ్డు కనపడేది కాదు. రోజూ అవే నాలుగు వీధులు, అదే గేటు. లోకమంటే అంతేననుకున్నాను. మనుషుల్లోనూ చాలామంది అలాగే అనుకుంటారు గనుక నాకు సిగ్గేమీ లేదు.

బడివాళ్లు కొత్త బస్సు తెచ్చుకుని నన్ను పాత ఇనుములో వేయబోతే సన్యాసమ్మ అడ్డుపడి ఇంటికి తీసుకుపోయింది. అందుకు కారణం ఆమె అన్న ఎరకయ్య. ముప్పై ఏళ్లు పాడేరు కొండల్లో కాఫీ, మిరియాల లారీలు తోలినవాడు. నీటికాసులొచ్చి రెండు కళ్లూ పోయాయి. రెండేళ్లుగా అరుగు మీద కూర్చుని, వీధిలో పోయే బళ్ల చప్పుడు వింటూ, "దీనికి గేరుబాక్సు పోనాది" అని జబ్బులు చెబుతుండేవాడు. ఒకరోజు చెల్లెలితో, "ఓలమ్మీ, నన్నొక్కపాలి ఆ కొండెక్కించవే" అన్నాడు.

"నానెప్పుడైనా గాటీరోడ్డు తోలినానేటి అన్నియ్యా?"

"నువ్వు తోలు. నాను సెప్తాను."

వడ్రంగి నా సీట్లు పీకి రెండు మంచాలు, ఒక గ్యాసుపొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చాడు. "ఇప్పుడిది కారవాన్" అన్నాడు. ఆ పేరుకు తగ్గట్టు ఉండాలని నేనూ కాస్త బిగువుగా నిలబడ్డాను.

పుష్యమాసంలో బయలుదేరాం. శృంగవరపుకోట దాటగానే రోడ్డు నా ఎదుట లేచి నిలబడింది. అంతవరకు రోడ్డంటే పడుకుని ఉండేదనే తెలుసు నాకు. ఆ ఎత్తు చూసి నా చక్రాలు చల్లబడ్డాయి. అనంతగిరి, అరకు, ఒక్కో ఊరూ వస్తుంటే ఎరకయ్య ముందే వాసన పట్టేవాడు. "అల్లం వొచ్చీసినాది. సంత దగ్గరకొచ్చినాం."

హుకుంపేటలో టీకొట్టు కాసులమ్మ అతని గొంతు వినగానే, "లారీ ఎరకయ్యవే గదా! హారను కొట్టకండా ఒచ్చినావేటి?" అంది. అంతలో అతని కళ్లు చూసింది. టీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ దాని చుట్టూ తనే మూసింది.

పాడేరు, చింతపల్లి దాటి, తెల్లవారాక లంబసింగి వైపు సాగుతుంటే మంచు కమ్మింది. నా దీపాల వెలుగు నా మొహానికే తిరిగి కొట్టింది. సన్యాసమ్మ వేగం తగ్గించి, మొహం అద్దానికి దగ్గరగా పెట్టింది.

"అన్నియ్యా, ఏటీ అవుపించట్లేదు. ఎనక్కెల్లిపోదాం."

"తిప్పడానికి సోటు లేదిక్కడ. అద్దం దించు." చెవి బయటికి పెట్టాడు. "కుడిపక్క ఏరు ఇనిపిస్తందా? అదే లోయ. దాన్ని దూరంగా ఉంచుకుని నిమ్మలంగా రా."

అలా కొంత దూరం నడిచాం. కళ్లున్న నేనూ, కళ్లున్న ఆమే అతని చెవి పట్టుకుని నడిచాం.

ఉన్నట్టుండి ఎరకయ్య అరిచాడు. "ఎడమకి కొట్టి ఆపు!"

ఎందుకని ఆమె అడగలేదు. కొట్టింది. నా పక్కరేకు కొండరాతికి గీసుకుపోయింది. మరుక్షణం దుంగల లారీ ఒకటి మంచులోంచి ఊడిపడి, మలుపు కోసుకుంటూ జానెడు ఎడంతో దాటిపోయింది. దీపాల్లేవు. డీజిల్ మిగులుతుందని డ్రైవరు ఇంజన్ ఆపేసి దిగుతున్నాడు. తడిరోడ్డు మీద టైర్ల రాపిడి తప్ప ఏ చప్పుడూ లేదు. ఆ రాపిడినే ఎరకయ్య విన్నాడు.

సన్యాసమ్మ స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చింది. అతను గాలిలో తడుముకుని ఆమె తల దొరకబుచ్చుకున్నాడు. "బాగా ఆపినావు. పద."

ఇంకో నాలుగు మలుపులకి మంచు తెగింది. నిజానికి మేమే దాని పైకి వచ్చేశాం. సన్యాసమ్మ బండి ఆపి, అన్నను దింపి, అంచున నిలబడింది.

"ఏటే, మాటాడవు?"

"ఏటి సెప్పను అన్నియ్యా. ఊళ్లు లేవు, రోడ్డు లేదు. పాలు పొంగి అలాగే నిలిచిపోయినట్టున్నాది."

"దాని మీద మూడు కొండలు తేలతన్నాయి కదూ?"

ఆమె చూసింది. "నాలుగు."

"మూడే."

"నాలుగన్నియ్యా. ఎడంపక్క ఆఖర్న సిన్నదొకటి. ఇప్పుడే దాని మీద ఎండ పడతంది."

ఎరకయ్య మెల్లగా చెప్పాడు. ముప్పై ఏళ్లలో ఇక్కడ ఒక్కసారీ లారీ ఆపలేదట. వేళకి సరుకు దించాలన్న తొందరలో, మలుపు తిప్పుతూ ఓరకంట చూసిందేనట.

"ఇటేనా?" అని మొహం తిప్పాడు.

"ఇంకొంచెం." ఆమె రెండు చేతులతో అతని గడ్డం పట్టుకుని సరిగ్గా అటు తిప్పింది. ఎండ అతని మొహం మీదా పడింది.

"ఎలాగున్నాదో సెప్పు. తొందరేటీ లేదు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నా ఇంజన్ పూర్తిగా చల్లారిపోయినా ఇంకా చెబుతూనే ఉంది.