ఆగిపోయాక వచ్చే నీళ్లు

వీధిలో ఆవిడను అందరూ కడుగుడు పిన్ని అంటారు. ఎదురుగా కాదనుకోండి, అంత ధైర్యం ఎవరికుంది! పెద్దాసుపత్రి వంటశాలలో గిన్నెలు కడిగించే పని చూసి రిటైరైన మనిషి. కడిగిన గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తుంది, మళ్లీ కడుగుతుంది, మనసు ఊరుకోక ఇంకోసారి కడుగుతుంది. ఆ ఇంట్లో చెంచాగా పుట్టడం కంటే అడవిలో రాయిగా పుట్టడం మేలని ఆవిడ మొగుడే అనేవాడు.

ఆయన తీరు ఇంకోటి. లైబ్రరీలో అటెండరుగా చేసి, బతుకంతా జనం నోళ్లు మూయించాడు. చప్పుడంటే గిట్టదు. ఆయన తలుపు వేస్తే గడియకు కూడా తెలియదు. కూతురు బస్సు డిపోలో టికెట్ల కౌంటరు దగ్గర పని చేస్తూ, రోజూ పొద్దున్నే తన పసిబిడ్డను వీళ్ల చేతిలో పెట్టి సాయంత్రం తీసుకుపోయేది. బుజ్జిది నిద్రపోతుంటే ఆయన తుమ్ము కూడా మింగేసేవాడు. పిన్నికైతే ఆ బిడ్డ ఒళ్లో ఉన్నంతసేపూ లోకంతో పనే లేదు.

ఆ ఇంటికి ఇంకో గొప్ప కూడా ఉంది. ఆ వీధికి కుళాయి నీళ్లు పొద్దున కాసేపే వస్తాయి. అందరిళ్లలో ఆగిపోయాక కూడా పిన్ని వంటింటి కుళాయిలో మాత్రం సన్నగా ఇంకో బిందెడు వచ్చేవి. పక్కింటావిడ కళ్లలో నిప్పులు పోసుకునేది. అదంతా తన మంచితనం వల్లే అన్నట్టు పిన్ని పొంగిపోయేది. అంత అపురూపమైన నీళ్లను ఊరికే పోనిస్తుందా? పాలసీసాలు మరిగే నీళ్లలో ఉడికించి తీసి, మనసు ఊరుకోక, ఆఖరున ఆ నీళ్లతో ఒకసారి తొలిపేది. ఉడికించాక మళ్లీ కడగడమెందుకని మొగుడు అడిగితే, ఆసుపత్రిలో పని చేసింది నువ్వా నేనా అని కసిరింది. ఆయన నోరు మూసుకున్నాడు. మూయించడమే కాదు, మూసుకోవడం కూడా ఆయనకు బాగా వచ్చు.

అలా ఉండగా బుజ్జిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేవి. తల్లి దగ్గర సెలవు రోజుల్లో ఉంటే తేరుకునేది, ఇక్కడికొస్తే వాడిపోయేది. నీళ్లలోనో సీసాల్లోనో ఉంది లోపం, చూసుకోమంది డాక్టరమ్మ. పిన్ని ఒంటికాలి మీద లేచింది. నా చేతి సీసాలా! అని ఆ పూట నుంచి రెండింతలు కడిగింది. ఎంత కడిగితే బిడ్డ అంత నీరసపడింది. చివరికి ఓ సాయంత్రం కూతురు తల వంచుకుని, బుజ్జిదాన్ని డిపో పక్కనున్న పిల్లల కేంద్రంలో వేస్తానని, సోమవారం నుంచి తీసుకురమ్మన్నారని చెప్పింది. నీ మీద కోపం కాదమ్మా అంది. కోపమైనా బాగుండేది.

మర్నాడు వీధిలో నీళ్లు ఆగిపోయాయి. పిన్ని ఉడికించిన సీసాను మామూలుగా కుళాయి కింద పెట్టింది. తెల్లటి సింకులో పడ్డ నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని చూసింది. సీసాను వెలుతురుకు ఎత్తింది. నీలమే.

ఆ రంగు ఆవిడకు తెలుసు. మొగుడు తన తెల్లచొక్కాలకు ఎప్పుడో గానీ పెట్టని నీలిమందు. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి డాబా ఎక్కింది. అక్కడి కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం, నీళ్లు పడే చప్పుడు కింద గదిలో బుజ్జిదాన్ని లేపకూడదని, కొస టబ్బు అడుక్కి దూర్చి ఉంది. కుళాయి తెరిచే ఉంది. టబ్బులో ఆయన చొక్కాలు, వాటి కింద బుజ్జిదాని పొత్తిగుడ్డలు. నిండుగా ఉండాల్సిన టబ్బు సగానికి దిగిపోయింది. గొట్టాన్ని బయటికి లాగి పడేసి, గోడ పట్టుకుని కిందికి దిగింది. వంటింటి కుళాయి ఒకసారి గరగరమని, వీధిలో అందరి కుళాయిల్లాగే ఊరుకుంది.

అంటే ఇన్నాళ్లూ ఆవిడ గొప్పలు పోయింది ఆ టబ్బు చూసుకునే. మరిగించి చంపిన రోగాన్ని మళ్లీ తన చేత్తోనే సీసాలోకి పోసింది. పిన్ని వంటింటి గట్టు పక్కన చతికిలబడి ఏడ్చింది. ఆయన వచ్చి సంగతి విని, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

ప్లంబరు వచ్చి చూశాడు. పైన గొట్టం మునిగి ఉంటే, నీళ్లు ఆగినప్పుడు కింది కుళాయి తెరవగానే టబ్బులోవి కిందికి లాగేస్తాయన్నాడు. మీటరు దగ్గర అడ్డు ఉంది కాబట్టి వీధిలోకి పోలేదుట. డాబా పైపుకు నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు బిగించి, పైపులన్నీ మందు నీళ్లతో కడిగించి పోయాడు.

సాయంత్రం కూతురు రాకముందు ఆయన గుసగుసగా అన్నాడు, బాగు చేయించాం కదా, అమ్మాయికి చెప్పకపోతేనేం అని. వింటే ఇక బుజ్జిదాన్ని ఈ గడప తొక్కనివ్వదేమోనని ఆయన భయం. పిన్నికీ అదే భయం. కానీ బిడ్డను అందుకోవడానికి కూతురు చేతులు చాపగానే నోరు ఆగలేదు.

"నా చేత్తోనే పోశానే. మీ నాన్న గొట్టం, నా కడుగుడు, రెండూ కలిసి దాన్ని ఇంత చేశాయి."

కూతురు అంతా వింది. బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పిన్ని ఒక్క గ్లాసు కూడా రెండోసారి కడగలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఆ లైబ్రరీ మనిషికే భరించరానిదయింది.

సోమవారం పొద్దున తలుపు చప్పుడైంది. కూతురు ఓ చంకలో బుజ్జిదాన్ని, ఇంకో చేత్తో గుడ్డల సంచీ పట్టుకుని నిలబడి ఉంది. కేంద్రంలో వద్దని చెప్పేసిందట.

"నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదమ్మా," అంది. "దీనికి ఏమైనా అయితే నాకు నిజం చెప్పేవాళ్లు కావాలి. అక్కడ ఎవరు చెబుతారు?"

పిన్ని బిడ్డను లాక్కున్నంత పని చేసింది. కూతురు డ్యూటీకి పోయింది. బుజ్జిది పాలు తాగి కింద గదిలో నిద్రపోయింది. డాబా మీద ఆయన గొట్టాన్ని టబ్బుకు జానెడు ఎత్తున తాడుతో కట్టి, కళ్లు గట్టిగా మూసుకుని కుళాయి తిప్పాడు. నీళ్లు ధడధడమని పడ్డాయి. ఇల్లంతా మోగింది. ఆయన మెట్ల మీద పిల్లిలా దిగొచ్చి, ఊపిరి బిగబట్టి గదిలోకి తొంగిచూశాడు.

బుజ్జిది నోరు తెరుచుకుని, కాలు మీద కాలేసుకుని, హాయిగా గుర్రు పెడుతోంది.

"ఇదేమిటే, దీనికి నిశ్శబ్దమే అక్కర్లేదు!" అన్నాడాయన, ఆ గదిలో మొదటిసారిగా గొంతెత్తి.

ఉడికించిన సీసాను పిన్ని కుళాయి వైపు పెట్టబోయి, ఆగి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించింది.