సీసా మీది మాట

మందులు రాసే హక్కు చేతికొచ్చేసరికి లియొనోరా ఆర్చిబెకెకి యాభై రెండేళ్లు. దానికోసం ఆవిడ పడని పాట్లు లేవు. న్యూ మెక్సికోలో సైకాలజిస్టులు కూడా మళ్లీ చదివి పరీక్షలు గట్టెక్కితే మనసు జబ్బులకు మందులు రాయవచ్చని చట్టం వచ్చింది. అది వచ్చింది మొదలు, తల నెరిసిన వయసులో, కూతురి ఈడు పిల్లల పక్కన కూర్చుని గుండె గురించీ కాలేయం గురించీ చదివింది. ఆ చట్టం రావడానికి ముందు శాంటా ఫే వెళ్లి శాసనసభ్యుల ఎదుట సాక్ష్యం కూడా చెప్పింది. మా ఒల్మితోస్ లోయలో మానసిక వైద్యుడు లేడు, ఆల్బకర్కీలో చూపించుకోవాలంటే అయిదు నెలలు ఆగాలి, ఆపైన మూడు గంటలు బండి నడపాలి, తీరా వెళితే ఆయన పావుగంట చూస్తాడు, అదీ ఇంగ్లీషులో అని చెప్పింది. "నాకు వీళ్లు తెలుసు. వీళ్ల భాష నా భాష" అంది. ఆ మాట మర్నాడు పేపర్లో కూడా పడింది.

లోయలో జనం మాత్రం ఆ చట్టంతో పనిలేకుండా మొదట్నుంచీ ఆవిణ్ణి తమ స్పానిష్‌లో దొక్తోరా, అంటే డాక్టరమ్మ, అనే పిలిచేవారు. నేను ఆ రకం డాక్టర్ని కాను, మాటల డాక్టర్ని అని ఇరవై ఏళ్లు చెప్పింది. వాళ్లు శ్రద్ధగా విని, బుద్ధిగా తల ఊపి, సరే గానీ ఈ దగ్గుకేమైనా రాసిస్తావా అని అడిగేవారు. ఏం చేస్తుంది, నవ్వి ఊరుకునేది.

చట్టంలో ఒక మెలిక ఉంది. ఎవరికి మందు రాసినా వాళ్ల ఫ్యామిలీ డాక్టరుకి ఫోన్ చేసి ఒప్పించాలి. లోయలో ఉన్న ఫ్యామిలీ డాక్టరు ఒక్కడే, విట్కాంబ్. ముప్ఫై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలో ఉన్నాడు. చట్టం వద్దని ఉత్తరాలు రాసినవాళ్లలో ఆయనా ఒకడు. చెడ్డవాడు కాడు, ముక్కు సూటి మనిషి. మొదటి ఫోన్‌లోనే చెప్పేశాడు. "నువ్వు చదువుకున్నావు, కాదనను. కానీ లియొనోరా, ఒక్క పొరపాటు. శాంటా ఫేలో కొంతమంది ఆ ఒక్కదాని కోసమే కాచుకుని కూర్చున్నారు. అది జరిగిందా, నీ హక్కు పోతుంది, నీ వెనకొచ్చేవాళ్లదీ పోతుంది." ఆవిడకి ఒళ్లు మండింది గానీ ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదని ఆవిడకీ తెలుసు.

మొదటి ఏడుగురికి రాసింది. ఏడుగురూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు. ఏ గొడవా రాలేదు. బడి బస్సు నడిపే ఒదీలియా మూడేళ్ల తరవాత మొదటిసారి కంటినిండా నిద్రపోయానని వచ్చి కావలించుకుంది. ఆ రోజు లియొనోరా ఇంటికెళ్లి ఒక్కతే కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్లూ వాళ్ల బాధ విని, విని, చివర్లో చేతులు దులిపేసుకుని ఆల్బకర్కీ వెళ్లండి అని పంపేసింది తనే కదా. ఆ సిగ్గు ఆ ఏడుపులో పోయింది.

ఎనిమిదో మనిషి హెనొవేవా తృహీయో.

హెనొవేవాకి డెబ్భై ఒకటి. ఆ ఊరి చిన్న చర్చి గోడలకి ఏటా ఎండాకాలంలో ఆడవాళ్లు మట్టీ గడ్డీ కలిపి అరచేతుల్తో పూత పూస్తారు. ముప్ఫై ఏళ్లు వాళ్లకి పెద్ద ఈవిడే. మట్టి పల్చనైతే తిట్టేది, చిక్కనైతే ఇంకా తిట్టేది. అలాంటి మనిషి రెండు ఎండాకాలాలుగా ఆ పూత పనికే వెళ్లలేదు. ఎవరూ పోలేదు, ఏదీ కాలిపోలేదు, కారణమంటూ ఏదీ లేదు. అందుకే ఆవిడకి ఇంకా సిగ్గు. ఏడవడానిక్కూడా ఓపిక లేదు దొక్తోరా అనేది. నాలుగేళ్లుగా ప్రతి గురువారం వచ్చి లియొనోరా ఎదుట కూర్చునేది, ఈమధ్య కొన్ని వారాలైతే నోరే విప్పేది కాదు.

ఆవిణ్ణి తీసుకొచ్చేది మొగుడు అదెలాయిదో. పాత పికప్ ట్రక్కులో తెచ్చి దింపి, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని గంటసేపు ట్రక్కులోనే కూర్చునేవాడు. ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. లియొనోరా రానివ్వలేదు కూడా. గదిలో అన్నమాట గదిలోనే ఉండాలి, తలుపు మూశాక ఎంత కట్టుకున్నవాడైనా బయటివాడే. అది ఆవిడ పని పద్ధతి, ఆ పద్ధతంటే ఆవిడకి గర్వం.

ఏప్రిల్‌లో హెనొవేవాకి మందు రాద్దామని లియొనోరా విట్కాంబ్‌కి ఫోన్ చేసింది. ఆయన హెనొవేవా గుండె పరీక్షల కాగితాలు చూసుకుని, తక్కువ మోతాదే కదా, సరే అన్నాడు. పెట్టేసే ముందు, ఇంట్లో మాత్రలిచ్చేదెవరు అని అడిగాడు. ఆవిడేం చిన్నపిల్లా అంది లియొనోరా. తన రోగుల దగ్గరైతే ఆయన ఇంట్లో మందులు చేతికందించే మనిషిని లోపలికి పిలిపించి, సీసా చూపించి మరీ చెబుతాడు. అది మాత్రల డాక్టర్ల పద్ధతి. మాటల డాక్టరుకి అది తట్టలేదు.

ఆ గురువారం హెనొవేవాకి విడమర్చి చెప్పింది. పొద్దున అటోలె జావ తాగాక ఒకటి, ఒక్కటే, మూడు వారాలకి గానీ గుణం తెలియదు అంది. తిరిగి చెప్పమంది.

"ఒక్కటి. జావ తాగాక" అంది హెనొవేవా. "ఇంతోటి బిళ్ల నన్ను లేపి నిలబెడుతుందంటావా?"

చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా అని లియొనోరా అడిగింది. అడగాలి, అది రూలు. పిలవందే ఎవరింటికీ వెళ్లే అలవాటు నాకు లేదు అంది హెనొవేవా. పాత హెనొవేవా ఒక్క క్షణం తొంగిచూసినట్టయి లియొనోరాకి ప్రాణం లేచొచ్చింది. మోతాదు చెప్పాను, ఆవిడ తిరిగి చెప్పింది, ప్రమాదం కనబడలేదు అని ఆ రోజే రికార్డులో రాసుకుంది.

మందుల షాపు ముప్ఫై మైళ్ల అవతలి ఊళ్లో ఉంది. అక్కడ మిషన్ అచ్చేసిన చీటీ సీసాకి అంటించి ఇచ్చారు. శుక్రవారం పొద్దున మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నం హెనొవేవా వంటింట్లో పడిపోయింది. అంబులెన్సు పెద్దాసుపత్రికి సగం దూరం వెళ్లేసరికే ప్రాణం పోయింది.

ఫోన్ చేసింది విట్కాంబే. గుండె తాళం తప్పి ఆగిపోయిందట. సీసాలో ముప్ఫై ఉండాలి, ఎనిమిదే ఉన్నాయి అన్నాడు.  నువ్వు ఒకటనే చెప్పావు కదా అని అడిగాడు. చెప్పాను, తిరిగి చెప్పించాను కూడా అంది లియొనోరా. అయితే ఆవిడే మింగేసింది పాపం అన్నాడు ఆయన. ఆయన గొంతులో దెప్పడమేమీ లేదు. లియొనోరా కూడా అదే అనుకుంది. నాలుగేళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా కనిపెట్టలేకపోయానే అని తనని తాను తిట్టుకుంటూ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

మట్టిచేసిన రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లింది. ముందుగదినిండా జనం. చర్చికి పూత పూసే ఆడవాళ్లు పోసోలే అనే మొక్కజొన్న పులుసు కాచి గిన్నెల్లో పోసి అందరికీ ఇస్తున్నారు. దొక్తోరా వచ్చిందని జరిగి చోటిచ్చారు. అదెలాయిదో ఆవిణ్ణి చూసి లేచి, వంటింట్లోకి రమ్మని తీసుకెళ్లాడు. మనిషి సగమైపోయాడు. అల్మారాలోంచి మందుల షాపువాళ్లిచ్చిన కాగితం సంచీ తీశాడు. సీసా ఆసుపత్రివాళ్లు పట్టుకెళ్లారు, సంచీ మీద కూడా అదే చీటీ ఉంది.

"నేను ఒక్కటీ తప్పలేదమ్మాయ్. నువ్వు రాసింది రాసినట్టు లెక్కపెట్టి ఇచ్చా" అన్నాడు. "తెల్ల డాక్టర్ల సీసాలు నేను చదవను. మూడో తరగతితో సరి, ఇంగ్లీషు నాకేం వచ్చు? నీది మాత్రం చదివా. మన పిల్ల గదా, మన భాషలోనే రాయించిందనుకున్నా. ఇదిగో." వేలు పెట్టి చూపించి చదివాడు. "ఓన్సే."

చీటీ మీద ఉన్నది ఇంగ్లీషు. రోజుకొకసారి అని ఉంది. ఒకసారి అనడానికి ఇంగ్లీషువాళ్లు వన్స్ అంటారు, ఓ ఎన్ సీ ఈ, నాలుగక్షరాలు. సరిగ్గా ఆ నాలుగక్షరాలనే ఆ వరసలోనే స్పానిష్‌లో ఓన్సే అని చదువుతారు. ఓన్సే అంటే పదకొండు.

 రెండు రోజులు, రోజుకి పదకొండు. మందుల చీటీలు ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి లియొనోరా ఇంగ్లీషులోనే రాసింది, ఇంకోరకంగా రాయాలన్న ఆలోచనే రాలేదు. ట్రక్కులో కూర్చున్న ఈ మనిషిని ఒక్క అయిదు నిమిషాలు లోపలికి పిలిచి ఉంటే సరిపోయేది.

అదెలాయిదో ఇంకా చెబుతూనే ఉన్నాడు. అరచేతిలో పోస్తే హెనొవేవా చూసి ఇన్నా అందట. దొక్తోరా రాసిందే అన్నాడట ఈయన.

"నా మొహంకేసి అలా కాసేపు చూసింది. చూసి నవ్వింది, అమ్మాయ్. ఎన్నాళ్లయిందో అది నవ్వి. అయితే ఇవ్వు ముసలోడా అని చెయ్యి చాపింది. రెండో రోజైతే నేను మేకల దగ్గరుంటే తనే కేకేసింది, నా మాత్రలు మర్చిపోయావా అని. గుణం కనబడుతోందనుకున్నా."

 ఒక్కటి, జావ తాగాక అని హెనొవేవా తన నోటితో అన్నది. ఒకటని తెలిసిన మనిషే పదకొండుకి చెయ్యి చాపింది. పిలవందే వెళ్లనన్న మనిషికి పిలుపు మొగుడి అరచేతిలో వచ్చింది, కాదనలేదు.

"ఎక్కువయ్యాయని అంబులెన్సువాళ్లేదో అనుకున్నారు" అన్నాడు అదెలాయిదో. "ఎన్నివ్వాలి దొక్తోరా?"

చెప్పింది. అది ఇంగ్లీషు మాటని చెప్పింది, అర్థమేమిటో చెప్పింది. దాచడానికి ఆవిడకి నోరు రాలేదు, ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు. ముసలాయన ఆ సంచీని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. పెదవులు కదిపి రెండు మూడుసార్లు చదువుకున్నాడు. ముందుగదిలో ఆడవాళ్లు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

"మరి దానికి తెలుసా?" అన్నాడు చివరికి. "ఒకటేనని దానికి చెప్పావా నువ్వు?"

చెప్పానంటే లియొనోరాకి పోయేదేమీ లేదు. రికార్డులో ఉంది, తేదీతో సహా. తన హక్కు తనకుంటుంది. ఈయనకి మాత్రం యాభై ఏళ్లు కాపురం చేసిన పెళ్లాం తన చేతిమీదుగానే, తను చూస్తుండగానే, నవ్వుతూ వెళ్లిపోయిందని తెలుస్తుంది. బతికినన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఆ నవ్వు గుర్తొస్తుంది.

"లేదు" అంది లియొనోరా. "చెప్పలేదు. మర్చిపోయాను."

అదెలాయిదో ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. మెల్లగా ఆయన మొహం ఎర్రబడింది. "ఒక్క మాట" అన్నాడు. "ఒక్క మాట చెప్పలేకపోయావా? దేనికి మరి నీ చదువు?" ఆ తరవాత ఇంకా చాలా అన్నాడు. ముందుగదిలో చప్పుళ్లాగిపోయాయి. లియొనోరా తల వంచుకుని అన్నీ పడింది. ఆయన దొక్తోరా అనలేదు, అమ్మాయ్ అని కూడా అనలేదు. అరిచి అరిచి చివరికి కుర్చీలో కూలబడి బావురుమన్నాడు. పాపం, తిట్టుకోవడానికి ఆయనకొక మనిషి దొరికింది. ఆడవాళ్లు తోవ వదిలితే ఆవిడ వాళ్ల మధ్యలోంచి నడిచి బయటికి వచ్చేసింది.

నెలలోపే లైసెన్సు బోర్డు నుంచి ఫోన్ వచ్చింది. ముసలాయన జరిగింది జరిగినట్టు వాళ్లకి రాసిచ్చాడు, అబద్ధమాడే మనిషి కాదు. మీ రికార్డులో చెప్పినట్టుంది, ఆయనేమో చెప్పలేదని మీరే ఒప్పుకున్నారంటున్నారు, ఏది నిజమని అధికారి అడిగింది. ఆలోచించుకుని వారంలో చెప్పమంది.

ఆ వారం విట్కాంబ్ ఆవిడ చెవిన ఇల్లు కట్టుకుని పోరాడు. చిత్రం చూడండి, చట్టం వద్దన్న మనిషి ఇప్పుడు ఆవిడ తరఫున నిలబడ్డాడు. "నీ చేత్తో రాసిన కాగితం ఉంది కదా, అది చూపించు చాలు. నీ దగ్గర మందులు తీసుకునే ఏడుగురున్నారు, వాళ్లనేం చేస్తావు?" అన్నాడు.  చూపిస్తే బోర్డు అదెలాయిదోకి ఉత్తరం రాస్తుంది, హెనొవేవాకి ముందే తెలుసని. ఆ ఉత్తరం చదివి పెట్టమని ఆయన ఎవరి దగ్గరికో వెళతాడు.

ఏడో రోజు పొద్దున లియొనోరా బోర్డుకి ఫోన్ చేసి, ముసలాయన చెప్పిందే నిజం, రికార్డు నేను అలవాటు కొద్దీ రాసేశాను అంది. మందులు రాసే హక్కు ఆ పూటే రద్దయింది. మీరు కూర్చుని మాట్లాడవచ్చు, దానికేం అభ్యంతరం లేదు అంది అధికారి మర్యాదగానే.

ఫోన్ పెట్టేసి లియొనోరా ఏడు పేర్లు ముందు పెట్టుకుంది. నెలాఖరుకి అందరి సీసాలూ ఖాళీ అవుతాయి. విట్కాంబ్ ఒక్క నెల సర్దుతానన్నాడు, ఆ పైన ఆల్బకర్కీయే. ముందు ఒదీలియాకి చేసింది. జరిగింది చెప్పకుండా, ఇకమీదట మందు నేను రాయలేను, ఆల్బకర్కీలో చూపించుకోవాలి, అయిదు నెలలు పడుతుంది అని మాత్రం చెప్పింది. 

"అయిదు నెలలా?" అంది ఒదీలియా. "ఈలోపు మళ్లీ నిద్ర పట్టకపోతే? పిల్లల్ని పెట్టుకుని బస్సు నడపాలి నేను. ఏం చెయ్యమంటారు దొక్తోరా, మీరే చెప్పండి."

 గురువారం రా, మాట్లాడుకుందాం అంది లియొనోరా.