సెల్వీనా నాన్న పేరు

దొర్కాస్ అత్త రెండు బస్తాల బియ్యానికి నోరు మూసుకుందని ఎదురింటి యాకోమినా మా అక్కతో చెప్పిందట. యాకోమినాకి ఆ సంగతి చేపల రేవులో ఎవరో చెప్పారట. "పదిహేనేళ్లు కుళ్లి కుళ్లి ఏడ్చిందా! తీరా రాజధాని నుంచి వకీలొచ్చి ఎదురుగా కూచుంటే, చచ్చినవాడెవడో నాకు తెలీదందటమ్మా! బస్తాలు పడవలోంచి దించడం కళ్లారా చూసినవాళ్లున్నారు" అని చేతులు తిప్పుకుంటూ మరీ చెప్పిందట. మా అక్క సాగు చెట్టు పిండితో జావ గిలకొడుతూ ఈ కబురు నా చెవిన వేసింది. ఆ గదిలో నేనూ ఉన్నాను. వకీలు రాజధాని భాష మలయ్‌లో అడిగింది మా బియాక్ దీవి మాటలోకి, మా వాళ్లు చెప్పింది మలయ్‌లోకి మార్చిన దుబాసీని నేనే.

బస్తా ఒకటే. అదీ విచారణకొచ్చినవాళ్లు సాక్షులందరికీ ఇచ్చిందే.

తొంభై ఎనిమిది జూలైలో పట్నంలోని నీళ్ల ట్యాంకు మీద మా దేశం మాకు కావాలని మా వాళ్లు స్వతంత్ర జెండా కట్టి, దాని కింద పాటలు పాడుకుంటూ, ప్రార్థనలు చేసుకుంటూ రోజుల తరబడి కూచున్నారు. ఒక తెల్లవారుజామున సైన్యం వాళ్ల మీద తుపాకులు పేల్చింది. మిగిలినవాళ్లను ఓడలెక్కించింది. తర్వాత కెరటాలు శవాలను ఒడ్డుకు తెచ్చి పడేశాయి. పక్కదేశంలో ఉప్పెన వచ్చింది, అక్కడి శవాలే ఇటు కొట్టుకొచ్చాయి అన్నారు పైవాళ్లు. ఉప్పెన వచ్చిన మాట నిజం. అందుకే అబద్ధానికి అంత బలం చిక్కింది.

మా ఊరు సోర్బారి ఒడ్డుకు వచ్చిన ఒక శవాన్ని నీళ్లలోంచి ఈడ్చింది దొర్కాస్ అత్త. అది ఆమె అల్లుడిది. కూతురు అప్పుడు చంటిపిల్ల సెల్వీనాను చంకనేసుకుని అడవిలో దాక్కుంది, తర్వాత జ్వరమొచ్చి పోయింది. ఊళ్లో మగవాళ్లెవరూ ఒడ్డుకు రావడానికి సాహసించలేదు. అత్త ఒక్కతే మొగలి పొదల వెనక గుంట తవ్వి పూడ్చింది. ఆనాటి నుంచి ఆమె చేప ముట్టలేదు. సముద్రం పక్కన పుట్టిన మనిషి, దుంపలూ ఆకులూ తిని బతుకుతోంది.

అంచేత విచారణ సంఘం వచ్చినప్పుడు మా ఊరి ఆశంతా ఆమె మీదే. మిగతావాళ్లు విన్నవాళ్లు. ఆమె కళ్లారా చూసిన మనిషి.

చర్చి బడిగదిలో పూర్వాదీ అనే కుర్ర వకీలు కాగితాలు పరుచుకుని కూచున్నాడు. మంచివాడే. ప్రతి ప్రశ్నకు ముందు "అమ్మా" అనేవాడు. వరండాలో మోటార్‌సైకిల్‌కి చేరబడి ఒకాయన సిగరెట్టు కాలుస్తున్నాడు. ఆయన ఎవరి మనిషో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

వకీలు గుర్తింపు కార్డు మీది ఫొటో ముందుకు జరిపాడు. "అమ్మా, మీరు పూడ్చింది ఇతన్నేనా? పేరు చెప్పండి. మీ నోటితో చెప్పాలి."

అత్త ఫొటో చూసింది. తల దించుకుంది. వకీలు రెండోసారి అడిగాడు, మూడోసారీ అడిగాడు. ఆమె పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నేను వరండా వైపు చూశాను. ఆ మనిషిని చూసి అత్త భయపడిందనుకున్నాను. "ముసలావిడండీ, వదిలెయ్యండి" అన్నాను. పాపం, ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. వకీలు రాసుకున్నాడు: పేరు తెలియదు, శవాన్ని గుర్తుపట్టలేదు. అత్త వేలిముద్ర వేసింది. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

అక్క చెప్పిన కబురు చెవిలో ఉండగానే అత్త మా వాకిట్లోకి వచ్చింది. ఎవరో ఆమెకు కాగితంలో ఏముందో చదివి చెప్పారు.

"ఒరే నాఫ్తాలీ! కాలేజీలో నీకు నేర్పింది ఇదేనా? భయపడ్డాననుకుని వదిలెయ్యమన్నావా? నేనా? ఉబ్బిపోయిన మనిషిని రెక్కలు పట్టుకుని లాక్కొచ్చినదాన్ని, ఆ సిగరెట్టు వెధవను చూసి భయపడతానా?"

"మరి పేరు చెప్పలేదేం అత్తా?"

"అల్లుడి పేరు అత్త ఎట్టా చెబుద్దిరా?"

చెంప మీద కొట్టినట్టయింది. మా దీవిలో పెళ్లితో కలిసిన చుట్టం పేరు నోట రాకూడదు. ఎప్పుడన్నా నోరు జారితే అవతలి ఇంటికి పింగాణీ పళ్లెం ఇచ్చి తప్పు దిద్దుకోవాలి. ఆమె బతుకంతా అతన్ని 'సెల్వీనా నాన్న' అనే పిలిచింది. నాకు తెలియనిదా? పట్నంలో ఆరేళ్లు ఉండి, నల్లకోటు పక్కన బెంచీ మీద కూచునేసరికి మరిచిపోయాను.

"సెల్వీనా నాన్న అని చెప్పినా సరిపోయేది గదా" అన్నాను, తప్పు కాస్త ఆమె మీదకు తొయ్యాలని.

"ఆ వకీలు పిల్లోడు 'పేరు, పేరు' అని పట్టుకున్నాడు. నువ్వు నోరు తెరిచి మా ఆచారం ఇదీ అంటే అయిపోయేది. ఇప్పుడేమైంది? ఎవడో తెలీని శవాన్ని పూడ్చానంట. అంటే ఉప్పెన శవమేగా? వాళ్ల అబద్ధానికి నా వేలిముద్ర ఏయించావు కదరా!"

వకీలు మర్నాడు మధ్యాహ్నం పడవకు వెళ్లిపోతాడు.

పొద్దున్నే ఆమె గుడ్డలో చుట్టిన పళ్లెం చంకలో పెట్టుకుని వచ్చింది. ఇద్దరం పక్క ఊరు నడిచాం. అల్లుడి అన్న ఎలియాకిం వాకిట్లో పడవకు చెక్క చెక్కుతున్నాడు. అత్త గుడ్డ విప్పింది. నీలం పువ్వుల పాత పళ్లెం, అంచున చిన్న పెచ్చు ఊడింది.

"మీరు నా పిల్లకి ఓలిగా ఇచ్చిన పళ్లెమే ఇది. నా ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. తీసుకో. ఇవాళ మీ తమ్ముడి పేరు పలకాలి."

ఎలియాకిం బాడిసె కింద పెట్టాడు. "అత్తా, పోయినోడి కోసం ఇదంతా ఎందుకు? పలికెయ్. నేనేమీ అనుకోను."

"నువ్వనుకోవు. నా నోరు అనుకుంటది. తీసుకోకపోతే అది తెరుచుకోదు."

అతను రెండు చేతులతో అందుకున్నాడు. లోపలికి తీసుకెళ్లలేదు. ఒళ్లో పెట్టుకుని అక్కడే కూచుండిపోయాడు.

బడిగదిలో వకీలు పెట్టె సర్దేస్తున్నాడు. జరిగింది నేను చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన ముఖం ఎర్రబడింది. మళ్లీ కాగితం తీశాడు. సిగరెట్టు మనిషి వరండాలోంచి గుమ్మం దగ్గరికి జరిగాడు.

"అతని పేరు?"

అత్త వక్క ఉమ్మేసి వచ్చి నిలబడింది. "ఒబాజా" అంది. మళ్లీ గట్టిగా అంది, "ఒబాజా కాఫియార్. నా అల్లుడు. చొక్కా కాలరు నీలం వలదారంతో నేనే కుట్టాను, ఆ కుట్టు అట్టాగే ఉంది. చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఉప్పెనలో కొట్టుకుపోయేవాడు ముందే చేతులు కట్టించుకుంటాడా?"

వకీలు కలం ఆగకుండా నడిచింది. నేను ఒక్క మాట వదలకుండా మార్చి చెప్పాను.

"ఓడలెక్కించిన రోజు రేవులో నిలబడి హుకుం ఇచ్చినాయన పేరూ రాయి" అంది అత్త. హోదాతో సహా చెప్పింది. దీవిలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. ఆయన ఇప్పుడు రాజధానిలో పెద్ద పదవిలో ఉన్నాడు.

గుమ్మంలో మనిషి నా వంకే చూస్తున్నాడు. అయినా ఈసారి మాట మింగలేదు, చెప్పేశాను.

కలం ఆగింది. వకీలు గుమ్మం వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. "అమ్మా, ఇక్కడ 'సంబంధిత అధికారి' అని రాద్దాం. ఆ పేరు ఈ దశలో నేను... మేం పేర్లు వాడకూడదు."

నేను తిప్పి చెప్పేలోపే అత్త వచ్చీరాని మలయ్‌లో తనే అడిగింది.

"ఏం బాబూ, ఆయన నీ అల్లుడా?"