పలికే పెట్టె

తుఫానుకి రేపల్లె ఫోన్లన్నీ మూగబోయాయి. కబుర్లు చేరవేయడానికి జ్ఞానానందం తన హ్యామ్ రేడియో, దానికి తగిలించే కంప్యూటరు మోసుకుని ముందురోజే అక్కడికి వెళ్ళాడు. తెనాలి ఇంట్లో రెండో సెట్టు ముందు అతని భార్య కృపమ్మ కూర్చుంది.

"ఉన్నారా?" అని పొద్దుటి నుంచీ టైపు చేస్తూనే ఉంది. ఒక్క ముక్క తిరిగి రాలేదు. ఆఖరికి ఆయన నేర్పిన పింగ్ అనే పిలుపు కొట్టింది. రేడియో కీచుమంది. తెర మీద రేపల్లె నుంచి జవాబు మెరిసింది.

"పలికాడు నా కొడుకు! స్తోత్రం ప్రభువా!" అత్తగారు వరమ్మ ఏడ్చేసింది. "మళ్ళీ పిలువమ్మా."

మళ్ళీ కొట్టింది. మళ్ళీ పలికింది.

అప్పుడు గుర్తొచ్చింది కృపమ్మకి, ఆయన నవ్వుతూ చెప్పిన మాట. "పింగ్‌కి మనిషెందుకే? నేను లేకపోయినా పెట్టె దానంతటదే పలుకుద్ది, బ్యాటరీ ఉన్నంతసేపూ."

సెట్టు వదిలి కాఫీకైనా లేవని మనిషి ఎక్కడికి పోయినట్టు?

"అన్నం తిన్నాడేమో అడుగమ్మా," అంది వరమ్మ.

కృపమ్మ పింగే కొట్టింది. పాడు పెట్టె టక్కున పలికింది.

"తిన్నారంట అత్తయ్యా."