కరుణ మేడం రమ్మన్నది

తనిఖీ బృందం మధ్యాహ్నానికల్లా దిగుతుందని కబురు రావడంతో నర్సింగ్ కాలేజీలో ఎవరి కాలూ ఒకచోట నిలవడం లేదు. చౌటుప్పల్ దాటాక హైవే పక్కన ఉన్న ఆ ప్రైవేటు యూనివర్సిటీకి, దాన్ని ఆనుకొని ఉన్న ఆసుపత్రికి యాజమాన్యం ఒకటే. ఈసారి మంచి గ్రేడు రావాలంటే అధ్యాపకులందరికీ ఒక 'రీసెర్చ్ ఇంట్రెస్ట్' ఉండి తీరాలని వారం కిందటే హుకుం జారీ అయింది.

పాఠాలు చెప్పి, వార్డులు తిప్పి, హాజరు వేసి, ఇంటికి పోయి బియ్యం కడిగే మనుషులకు పరిశోధన మీద ఆసక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? అడిగారు గనుక పుట్టించుకున్నారు. ఒకామె 'విద్యార్థినుల్లో ఒత్తిడి' అంది. పక్కనామె కూడా అదే అంది. మానసిక ఆరోగ్యం చెప్పే ప్రవళిక నిరుడు ఎవరో చేసినదాన్నే ఊరి పేరు మార్చి తనదనిపించుకుంది. పాపం వాళ్లననీ ఏం లాభం? ఎవరికీ నొప్పి తగలని విషయం పట్టుకుంటే నౌకరీ పదిలంగా ఉంటుందని వాళ్లకు అనుభవం నేర్పింది.

నిజంగా ఆసక్తి ఉన్నది కరుణ ఒక్కతికే. పల్లెల్లో ఆడవాళ్లు ముప్పై ఏళ్లయినా నిండకుండా గర్భసంచి ఎందుకు తీయించుకుంటున్నారన్నది ఆమె ప్రశ్న. అది ఆమెకు పుస్తకాల్లో దొరకలేదు, సొంత ఇంట్లో దొరికింది. మోత్కూర్ దగ్గరి పల్లెలో ఆమె తల్లి లీలమ్మ పత్తి ఏరే గుత్తలో పనిచేసేది. గుత్త అంటే చేను మొత్తం ఒక్క మాట మీద మాట్లాడుకొని, ఆడవాళ్లంతా కలిసి ఏరి, వచ్చిన కూలి సమంగా పంచుకోవడం. అందులో ఒకతి నెలకు నాలుగు రోజులు కడుపు పట్టుకొని గట్టున కూర్చుంటే మిగతావాళ్ల నడుములు విరుగుతాయి. మరుసటి సీజనుకు ఆమెను పిలవరు. పిలవకపోతే పొయ్యి వెలగదు. అందుకని లీలమ్మ చిన్నవయసులోనే ఆపరేషన్ చేయించుకొని గుత్తలో నిలబడింది, కూతుర్ని చర్చి హాస్టల్లో ఉంచి చదివించింది. ఇప్పుడు యాభై ఏళ్లకే బస్సు మెట్టు ఎక్కలేకపోతోంది. ఆ ఆపరేషన్ వల్లనే ఎముకలు గుల్లబారి, నిద్రలో కూడా మూలుగుతుంది. ఆ మూలుగు వింటూనే కరుణ పీహెచ్‌డీకి పేరు రాయించుకుంది.

ఆ పొద్దున ఆమె విద్యార్థినులను వెంటబెట్టుకొని ఆపరేషన్ అయినవాళ్ల వార్డులోకి వచ్చింది. నేలంతా ఫినాయిల్ వాసన. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచారు. కిటికీ పక్క మంచం దగ్గర నేల మీద కూర్చున్న ముసలామె కరుణను చూడగానే చేతులు జోడించి లేచింది.

"వచ్చినవా బిడ్డా! పొద్దుగాలటి సంది నీ కోసమే చూస్తున్న."

ఆమె నాగులమ్మ. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నది ఆమె బిడ్డ కోమల. వానకాలంలో పీహెచ్‌డీ సర్వేకు పోయినప్పుడు తన సొంత వాడలో అందరికంటే ధైర్యంగా మాట్లాడింది కోమలే. తెల్లబట్ట అవుతుందని, నడుము లాగుతుందని, గుత్తలో ఇద్దరు సణుగుతున్నారని చెప్పి, 'అయినా సంచి తీపిచ్చుకుంటనా ఏంది మేడం, గింత బాధకే?' అని నవ్వింది. బిళ్ళలతో తగ్గిపోతుంది, భువనగిరి సర్కారు దవాఖానలో చూపించుకొమ్మని కరుణ చెప్పి వచ్చింది.

"గిక్కడికెట్ల వచ్చిన్రమ్మా?" అని అడిగింది కరుణ.

"గదేంది బిడ్డా, నువ్వే రమ్మంటివి గద! 'కరుణ మేడం రమ్మన్నది, ఉత్తగనే స్కానింగ్ తీస్తరు' అని ఫోన్ల జెప్పిన్రు. బండి గూడ తోలిన్రు. నువ్వు రమ్మన్నంక రాకుంట ఉంటమా?"

"మొదలు బిళ్ళలు ఇయ్యలేదా?"

"ఏం బిళ్ళలు? పొద్దుగాల స్కానింగు, తెల్లారి ఆపరేషను. గడ్డ ఉన్నది, తీయకుంటే క్యాన్సర్ అయితదన్నరు. స్కానింగ్ ఒక్కటే ఉత్తగనట. ఆపరేషన్‌కు పాలిచ్చే బర్రెను అమ్మినం. పోతే పోనీ తియ్యి, పిల్ల దక్కింది."

విద్యార్థినులు పెన్నులు పట్టుకొని నిలబడ్డారు. కోమల గోడవైపు నుంచి తల తిప్పకుండానే, నెమ్మదిగా అడిగింది.

"మేడం, నా పేరు ఎవలికీ చెప్పనన్నవ్ గద?"

ఆ మాట ఆమె అన్నది. సర్వేలో ప్రతి ఆడమనిషి ముందూ అన్నది. 'నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటది, నీ పేరు బయటపడది' అని చెప్పాకనే వాళ్లు మొగుళ్లకు కూడా చెప్పుకోని బాధలు చెప్పుకున్నారు. ఆ తర్వాత నెలకే ప్రిన్సిపాల్ మెర్సీ మేడం పిలిచి, ఆ ఆడవాళ్లకు ఉచిత క్యాంపు పెడతారట, ఫోన్ నంబర్లు కావాలంది. రక్తం పరీక్షలు చేస్తారు, బలం గోలీలు ఇస్తారు అన్నది. తన చదువు వల్ల వాడలోవాళ్లకు ఇంత మేలైనా జరుగుతుంది కదా అని కరుణ పొంగిపోయింది. అడిగిన గంటలోనే పేర్లూ నంబర్లూ అన్నీ పంపేసింది. మాట ఇచ్చానన్న సంగతి ఆ సంబరంలో ఆమెకు గుర్తే రాలేదు.

విద్యార్థినులను అక్కడే ఉండమని చెప్పి నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయింది. మెర్సీ మేడం అద్దం ముందు చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

"క్యాంపు అంటిరి గద మేడం! కోమలకు సంచి తీసేసిన్రు. నా పేరు జెప్పి తోలుకొచ్చి కోసిన్రు."

మెర్సీ మేడం తలుపు దగ్గరికి వేసింది. "జర మెల్లగ మాట్లాడు కరుణా. నేను గూడ క్యాంపే అనుకున్న."

"నా తాన మాట్లాడినోళ్లల్ల ఇంకెంతమందికి జేసిన్రు?"

మెర్సీ మేడం కుర్చీలో కూర్చుంది. ఆమె చెడ్డమనిషి కాదు. కరుణ చేరిన కొత్తలో అన్నం డబ్బా పంచుకొని తిన్నది ఆమెతోనే. కానీ ఆమె కొడుకు ఈ ఆసుపత్రి ల్యాబులోనే పనిచేస్తున్నాడు, ఆమెకు రిటైర్మెంట్ దగ్గరపడింది.

"ఇయ్యాల్టి దినం గడవనీ," అంది. "నీ గైడ్‌ను నేను. ఆర్నెల్లు ఓపిక పడితే నీ పేరు ముందు డాక్టర్ అని పడ్తది. మీ అమ్మ ఎంత సంబరపడ్తదో యాది జేసుకో. వచ్చే సోమవారం అచ్చంపేట దిక్కు సర్వేకు బస్సు ఇస్తమంటున్నరు మన అడ్మినిస్ట్రేటర్ అమరేందర్ సారు. గా అడివి గూడాలల్ల ఎవలు జేసిన్రు ఇంత పెద్ద పని?"

"ఆడ గూడ నంబర్లు తెమ్మంటరా?"

మెర్సీ మేడం కిటికీలోంచి బయటికి చూసింది. "మొగులయినట్టున్నది, పిల్లలను లోపలనే ఉండుమను," అంది.

కరుణ వరండాలో నిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే లెక్క కూడా వేసుకుంది, అబద్ధం ఎందుకు? డాక్టర్ కరుణ అని పిలిపించుకోవాలని ఆమెకూ ఉంది. వాడలో ఇంతవరకు ఎవరూ కాలేదు. ఈ నౌకరీ పోతే తల్లి మందులకు ఎవరిని అడగాలి? జరిగింది జరిగిపోయింది, కోమలకు తీసేసిన సంచిని తిరిగి పెట్టలేం, ఈ ఒక్క రోజు ఊరుకొని, డిగ్రీ చేతికొచ్చాక అన్నీ రాయొచ్చు అనుకుంది. ముఖం కడుక్కొని మళ్లీ వార్డుకు పోయింది.

బృందం వచ్చేసరికి వాన మొదలైంది. అడ్మినిస్ట్రేటర్ అమరేందర్ ముందు నడుస్తూ, గొడుగు తానే పట్టి మరీ వాళ్లను లోపలికి తెచ్చాడు. వచ్చిన ముగ్గురిలో ఒకామెకు తెలుగు వచ్చు. అమరేందర్ కరుణ భుజం దగ్గర నిలబడి ఇంగ్లీషులో పరిచయం చేశాడు. మా అధ్యాపకుల పరిశోధన అల్మారాల్లో పడి ఉండదు, పల్లెలకు పోతుంది, పేషెంట్లకు అందుతుంది, ఈమె సర్వే వల్ల మేలు పొందిన కుటుంబం ఇదిగో అని కిటికీ పక్క మంచాన్ని చూపించాడు. ముగ్గురూ సంతోషంగా తలలూపారు.

తెలుగు వచ్చినామె నాగులమ్మ వైపు వంగింది. "ఏమ్మా, ఈ మేడం మీకు బాగా తెలుసా?"

"తెల్వకపోవుడేంది? మా లీలమ్మ బిడ్డ. మా వాడ పిల్లనే," అంది నాగులమ్మ. "గీ పిల్ల రమ్మంటేనే వచ్చినం. లేకుంటే మా అసొంటోళ్లకు ఇసొంటి దవాఖాన మొఖం ఎవలు చూపెడ్తరు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు రెండూ కరుణ చేతుల మీద వేసింది. పత్తికాయ అంచులు గీరుకుపోయిన వేళ్లు. "బిడ్డా, మా కోడలు పూజకు గూడ గిట్లనే నడుం గుంజుతదట. దానికి ఇరవై నాలుగే. మొన్న గుత్తల ఇద్దరు ముగ్గురు దాన్ని వద్దన్నరు. దాన్ని ఎన్నడు తోలుకరమ్మంటవ్?"

అమరేందర్ చిరునవ్వుతో కరుణ వైపు చూశాడు. తెలుగు వచ్చినామె కూడా చూసింది. ఏదో ఒక తేదీ చెబితే చాలు, బృందం పక్క వార్డుకు పోతుంది.

"తేకమ్మా," అంది కరుణ.

"ఏంది బిడ్డా?"

"పూజను ఈడికి తేకు. ఎవల్నీ తేకుర్రి. నేను రమ్మన్ననని ఎవలు ఫోన్ జేసినా రాకుర్రి."

తెలుగు రాని ఇద్దరూ ఏమైందని మూడో ఆమెను అడుగుతున్నారు. అమరేందర్ నవ్వు చెదరకుండానే, "మేడం పొద్దటి నుంచి అలిసిపోయిన్రు, మనం ముందుకు పోదాం సార్," అంటూ తలుపు వైపు చెయ్యి చాపాడు. తెలుగు వచ్చినామె ఒక అడుగు వేసి, మళ్లీ ఆగింది.

నాగులమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె ముఖం నల్లబడింది. గడప దాకా వచ్చినవాళ్లను పొమ్మన్నప్పుడు మనిషి ఎట్లా చిన్నబోతాడో అట్లా చిన్నబోయింది.

"మేం జేసిన తప్పేంది బిడ్డా? పైసలకా? ఇంకో బర్రె ఉన్నది, దాన్ని గూడ అమ్ముతం. చదువుకున్నంక నువ్వు గూడ గిట్లనే మాట్లాడ్తవా?"

కరుణ సంజాయిషీ చెప్పాలంటే, మీ బిడ్డకు ఆపరేషన్ అక్కరే లేదని ఈ తల్లికి చెప్పాలి. బర్రె పోయింది ఉత్తపుణ్యానికని చెప్పాలి. దానికి దారి చూపింది నేనేనని చెప్పాలి.

గోడవైపు తిరిగి పడుకున్న కోమల కుట్లు పట్టుకొని, పళ్లు బిగించి, ఇవతలికి ఒత్తిగిల్లింది. చెయ్యి చాపి తల్లి కొంగు పట్టి గుంజింది.

"అమ్మా, నువ్వు జర సప్పుడు జేయకు," అంది. "మేడాన్ని చెప్పనియ్యి. నేను వింట."