అపురూపం, బయటికి ఇవ్వరాదు

నేను ఒక గ్రామఫోను ప్లేటుని. పుట్టుక చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. చెట్టుకొమ్మల మీద పురుగులు కక్కిన లక్కే నా ఒళ్లు. మూడు నిమిషాలు పాడగలను, ఆ పైన చేతకాదు. మనుషుల్లో చాలామందికి ఎక్కడ ఆపాలో తెలియదు కనుక ఈ ఒక్క విషయంలో నాకు కాస్త గర్వం ఉంది.

నాలో ఉన్నది ముంగండ రత్నాంగి అనే నాటకాల నటి పాడిన పద్యం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు మద్రాసులో పాడింది. ఇంటిదగ్గర చూసేవాళ్లు లేక ఏడు నెలల కూతుర్ని వెంట తెచ్చుకుని, గదిమూల చాప మీద పడుకోబెట్టింది. పద్యం చివర రాగం తీస్తుండగా పిల్ల లేచి ఏడ్చింది. మళ్లీ పాడదామంటే పాటను పట్టే మైనం బిళ్లలు ఆ పూటకి అయిపోయాయి. ఏడుపుతో సహా నన్ను అచ్చుగుద్దారు. మూడేళ్లకి రత్నాంగి విషజ్వరంతో పోయింది.

నన్ను కొన్నది కాకినాడ ప్లీడరు ఒకాయన. మహా సంగీతప్రియుడు. అంటే, భోజనం కాగానే నన్ను పెట్టుకుని, పద్యం ఎత్తుగడ దాటకముందే గుర్రుపెట్టేవాడు. పిల్ల ఏడుపుకి ఉలిక్కిపడి లేచి, విసుక్కుంటూ ముల్లు ఎత్తేసేవాడు. ఆయన పోయాక కొడుకులకు మా ప్లేట్లుండే బీరువా అవసరమైంది. తండ్రి జ్ఞాపకార్థమంటూ మమ్మల్నందర్నీ ఒక విశ్వవిద్యాలయం వారి సంగీత గ్రంథాలయానికి దానమిచ్చి శాలువాలు కప్పించుకున్నారు.

అక్కడ నన్ను ఒక్కసారే విన్నారు, అదీ కార్డు రాయడానికి. ఆ రాసే పెద్దమనిషి కూడా ఏడుపు దగ్గరే ముల్లు ఎత్తేసి, "లోపం: చివర అనవసర శబ్దం" అని రాశాడు. నా కవరు మీద ఎర్రముద్ర పడింది: "అపురూపం. బయటికి ఇవ్వరాదు." తరవాత అక్కడి గ్రామఫోను ముల్లు అరిగిపోయింది. కొత్త ముల్లు కావాలని పెట్టిన కాగితం ఏ బల్ల మీద నిద్రపోయిందో ఎవరికీ తెలియదు. బయటికి ఇవ్వరు, లోపల వినిపించలేరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అలాంటి రోజుల్లో హేమాంగి వచ్చింది. చాప మీద ఏడ్చిన ఆ పిల్లే, నర్సు ఉద్యోగం చేసి రిటైరైంది. తల్లి గొంతు ఎలా ఉండేదో ఆమెకు గుర్తులేదు. ఆ గొంతు మిగిలింది నాలోనే. ఏటా తల్లి తిథినాడు వచ్చేది. లైబ్రేరియన్ కామరాజుగారు మంచివారు. కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, నన్ను బీరువా అద్దంలోంచి చూపించి, రూల్సు చెప్పి పంపించేవారు. ఒక ఏడు ఆమె ఎక్కడో పాత గ్రామఫోను, ముళ్ల డబ్బీ సంపాదించి ఆటోలో తెచ్చుకుంది. సొంత యంత్రాలు లోపలికి తేకూడదని గేటు దగ్గరే ఆపేశారు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని అదే ఆటోలో వెనక్కి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

పదకొండేళ్లు ఇదే తంతు. ఆనక బీరువాలు చాలలేదని ఒక కమిటీ వేశారు. పదేళ్లుగా ఎవరూ బయటికి తీసుకెళ్లనివన్నీ పనికిరానివేనని కమిటీవారు పకోడీలు తింటూ తేల్చారు. నా కార్డు మీద ఒక్క తేదీ లేదు. ఇస్తే కదా ఉండడానికి. ఎర్రముద్ర పక్కన నీలిముద్ర పడింది: "తొలగించడమైనది." గోనెసంచిలో వేసి వరండాలో పడేస్తే, కిందివాళ్లు పటపటా విరిగారు. నా అంచు పెచ్చులేచింది. పాతసామాన్లవాడు మర్నాడు వస్తాడట.

ఆ రోజు రత్నాంగి తిథి. ఏటా ఆవిడకి మంచినీళ్లు అందించే అటెండరు సింహాచలం, ఆమె మెట్లెక్కడం చూసి గబగబా సంచి విప్పాడు. నన్ను వెతికి, కండువాతో తుడిచి, కామరాజుగారి బల్ల మీద పెట్టాడు. ఆయన రెండు ముద్రలూ రెండుసార్లు చదువుకున్నారు. ఆ మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

"ఇప్పుడిది అపురూపం కాదమ్మా," అన్నారు. "తీసుకెళ్లిపోండి."

సాయంత్రం ఆమె ఇంట్లో పాడాను. పెచ్చు దగ్గర కాస్త తడబడ్డాను గానీ తరవాత గొంతు దొరికింది. ఆమె కదలకుండా వింది. చివర పిల్ల ఏడ్చింది. అందరూ ఎత్తేసే చోట ఆమె ముల్లు ఎత్తలేదు. అందుకే, ఇన్నేళ్లుగా ఎవరూ వినని ఆఖరి మాట ఆమె చెవిన పడింది. "వస్తన్నానే హేమా, వచ్చేస్తన్నా."

ఆమె చాలాసేపు ఏడ్చింది. నన్ను మళ్లీ పెట్టుకుంది.

నిరుడు విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అపురూపమైన ప్లేట్లున్నవారు దయచేసి ఇస్తే, కంప్యూటర్లోకి ఎక్కించి, అనవసర శబ్దాలు తీసేసి భద్రపరుస్తారట. హేమాంగి జవాబు రాసింది.

"మా ఇంటికి వచ్చి ఎన్నిసార్లయినా వినండి. చివరి శబ్దం మాత్రం తీయకండి. అది నేను."