పూలబుట్టలో బెల్లం దిమ్మ

నేను ఒక పెళ్ళి డ్రోన్‌ని. రెక్కలు నాలుగు, సొంతబుద్ధి సున్న. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ఉత్తరాంధ్రలో బెల్లం వండే ఓ ఊళ్ళో ఫొటోగ్రాఫర్ అప్పలసూరి చేతికొచ్చాను. ఆయన నా పొట్ట కింద చిన్న పూలబుట్ట కట్టాడు. ఊరేగింపులో నా రొద వినబడితే చాలు, జనం తలలెత్తి దోసిళ్ళు పట్టేవారు. మీట నొక్కగానే బుట్ట తెరుచుకుని బంతిరేకులు రాలేవి. పురోహితుడి కన్నా నాకే ఎక్కువ దణ్ణాలు!

ఆ ఊళ్ళోనే పోలరాజని ఒక రౌడీ. అతను చేసిన హత్యని కళ్ళారా చూసిన సాక్షి, బెల్లం వర్తకుడు దాలినాయుడు. ఆయన ఇంకా కోర్టుబోను ఎక్కనేలేదు, పోలరాజు మాయమయ్యాడు. పోలీసు స్టేషన్‌లో రౌడీలకు ప్రతి ఆదివారం హాజరు. "తాపీ పనికి విదేశమెల్లేడండి" అని చెప్పారు అతని మనుషులు. నిజానికి వెళ్ళింది పరాయి యుద్ధానికి. కట్టడానికి కాదు, డ్రోన్లతో కూల్చడం నేర్చుకోడానికి. ఉపకారవేతనం మీద అపకారవిద్య!

ఏడాదికి తిరిగొచ్చి, తిన్నగా స్టూడియోకే వచ్చాడు.

"ఫొటో మావా, నీ పిట్ట ఎంత బరువు మోత్తాది?"

"పూలకి బరువేటి బావూ?"

"పూలెవడిక్కావాల? బెల్లం."

చెరకుతోట పక్కన గోనెసంచి పరిచి, నా బుట్టలోంచి బెల్లం దిమ్మలు వదిలాడు. ఐదింటికి ఐదూ సంచి మీదే పడ్డాయి. చీమలకి పండగ, అప్పలసూరికి ముచ్చెమటలు.

"రేపు నాయుడి కూతురి పెళ్ళికి నువ్వు కెమేరా అట్టుకెల్లు. పిట్ట నాకాడుంటాది. నోరిప్పేవో, రెండో దిమ్మ నీకే."

అందరినీ నవ్వమనే అప్పలసూరి ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదట. నోరు మాత్రం విప్పలేదు.

మర్నాడు నా బుట్టలో ఉన్నది తీపి కాదు. మగపెళ్ళివారికి ఎదురుకోలు పలకడానికి దాలినాయుడు పన్నీరుబుడ్డితో గుమ్మం ముందు నిలబడ్డాడు. నా రొద విని తలెత్తాడు. పూలనుకున్నాడు! బుడ్డి చంకలో పెట్టి నవ్వుతూ దోసిలి పట్టాడు. పక్కన భార్య కొంగు పట్టింది.

"నాయుడు గారూ, పూలు కావండీ! లోపలికెల్లిపోండి!"

అప్పలసూరి అరుపు బ్యాండు మోతలో కలిసిపోయింది. కెమేరా పారేసి ఉరికాడు. ఇద్దర్నీ ఒక్క తోపుతో గుమ్మంలోకి నెట్టాడు. ఎక్కడో మీట నొక్కారు. నేను తెరుచుకున్నాను.

నాయుడు బతికాడు, సాక్ష్యమూ బతికింది. కెమేరా మీట నొక్కే అప్పలసూరి వేలు మాత్రం దొరకలేదు. రిమోటుతో మేడ మీద దొరికిన పోలరాజు జైల్లో ఉన్నాడు. ఆ పేలుడుకి కూలిన నేను, మెడలో కేసు చీటీతో స్టేషన్ సామాన్ల గదిలో ఉన్నాను.

కిటికీలోంచి, హెడ్ కానిస్టేబులు రౌడీలకు వేసే ఆదివారం హాజరు వినబడుతుంది.

"దేముడుబాబు?"

"రాలేదండి."

"పైడిరాజు?"

"ఆడూ లేడండి. ఇద్దరూ విదేశమెల్లేరు."

"ఏ పనికిరా?"

"తాపీ పనికండి."

హెడ్డుగారు తాపీగా రాసుకున్నారు.